సీసాలో మొలిచిన ఫెర్న్

శ్రోతలందరికీ నమస్కారం. ఇంట్లో ఫెర్న్ మొక్కలు ఎలా పెంచాలో చెప్పమన్నారు. చెబుతాను. కానీ ముందు నేను చంపిన ఫెర్న్ గురించి చెప్పుకోవాలి.

సన్నగా నల్లగా మెరిసే కాడలు, వాటికి బుల్లి విసనకర్రల్లాంటి పలచటి ఆకులు. మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ అంటారు. చూడగానే మనసుపడి తెచ్చుకున్నాను. ఏసీ గదిలో, నా బల్ల మీదే పెట్టుకున్నాను. వారం తిరిగేసరికి ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. నీళ్లు చాలడం లేదేమోనని ఇంకాస్త పోశాను. ఇంకా ఎండింది. ఇంకా పోశాను. చివరికి పైన ఆకులు నలిపితే పొడి, కింద వేళ్లు కుళ్లి వాసన. ఒకే కుండీలో ఒకే మొక్క అటు ఎండిపోయింది, ఇటు కుళ్లిపోయింది. ఇదెలా జరుగుతుంది?

నాకు దీనికి జవాబు ఒక డాక్టరుగారి కథలో దొరికింది. పేరు నతానియల్ బాగ్‌షా వార్డ్, ఊరు లండన్. ఆయనకు ఫెర్న్‌లంటే ప్రాణం. పెరట్లో రాళ్లు పేర్చి, వాటి మధ్య ఫెర్న్‌లు నాటారు. చుట్టూ ఫ్యాక్టరీలు, రోజంతా బొగ్గు పొగ. నాటినవి నాటినట్టే చచ్చిపోయాయి. విసిగిపోయి ఆ ప్రయత్నం మానుకున్నారు.

ఆయనకు పురుగుల మీదా సరదా ఉంది. 1829లో ఒక చిమ్మట (సీతాకోకచిలుకలాంటి పురుగు) ప్యూపాను, అంటే రెక్కలు రాకముందు గూడులో ఉండే దశలోని దాన్ని, తడిమట్టిలో పెట్టి, ఆ మట్టిని ఒక గాజు సీసాలో వేసి, మూత బిగించారు. రెక్కలొచ్చి బయటికి వచ్చేదాకా చూద్దామని. రోజూ సీసా చూసేవారు. పగలు వేడికి మట్టిలోని తడి ఆవిరై గాజుకు పట్టేది, చుక్కలై మళ్లీ మట్టిలోకే జారేది. మట్టి ఎండేదే కాదు. చిమ్మట రావడానికి ఇంకా వారం ఉందనగా, మట్టిలోంచి రెండు పచ్చటి మొలకలు పైకొచ్చాయి. ఒకటి గడ్డి. రెండోది ఫెర్న్!

పెరట్లో ఎంత బతిమాలినా బతకని ఫెర్న్, సీసాలో ఎవరూ పిలవకుండానే వచ్చింది. పాపం, ఆ తర్వాత చిమ్మట సంగతి ఎవరికి కావాలి?

ఎవరూ నాటలేదు కదా, ఎలా వచ్చిందంటారా? ఫెర్న్‌కు పువ్వు లేదు, గింజ లేదు. ఆకు వెనక గోధుమరంగు చుక్కలు వరసగా ఉంటాయి. వాటిలో దుమ్ములాంటి సిద్ధబీజాలు (స్పోర్లు) ఉంటాయి. గింజల బదులు కొత్త మొక్కకు అవే మొదలు. అవి మట్టిలో కలిసిపోయి అదనుకోసం చూస్తుంటాయి. అన్నట్టు, ఆ చుక్కలు పురుగులనుకుని మందు కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. వరసగా, ఒకే తీరుగా ఉంటే అవి పురుగులు కావు. వాటి జోలికి పోకండి.

వార్డ్ గారు ఆ సీసాను ఉత్తరం వైపు కిటికీ బయట పెట్టారు. చుక్క నీళ్లు పోయలేదు. మూత తీయలేదు. ఆ ఫెర్న్ దాదాపు నాలుగేళ్లు బతికింది, ఏటా మూడు నాలుగు కొత్త ఆకులు వేస్తూ. మరి ఎలా పోయింది? ఆయన ఊళ్లో లేనప్పుడు మూత తుప్పుపట్టి, వాననీళ్లు లోపలికి దిగాయి. నాలుగేళ్లు నీళ్లు పోయకపోతే బతికిన మొక్క, నీళ్లు ఎక్కువై పోయింది.

దాంతో వార్డ్ గారు గాజు పెట్టెలే చేయించారు. 1833లో వాటిలో మొక్కలు పెట్టి ఓడలో సిడ్నీకి పంపితే బతికే చేరాయి. తర్వాత చైనా నుంచి భారతదేశానికి తేయాకు మొక్కలు వచ్చింది కూడా అలాంటి పెట్టెల్లోనే. అదింకో పెద్ద కథ.

మళ్లీ నా కుండీ దగ్గరికి వస్తాను. నా ఫెర్న్‌కు కరువైంది కుండీలో నీళ్లు కాదు, గాలిలో తేమ. ఏసీ గాలిలో తేమ తీసేస్తుంది. ఆకులకు కావలసింది నేను వేళ్లకు పోశాను.

స్ప్రే కొడితే సరిపోదా అని అడుగుతారు. నాకు దానిమీద పెద్ద నమ్మకం లేదు. ఆ తడి కాసేపటికే ఆరిపోతుంది, మనకు మాత్రం ఏదో చేశామన్న తృప్తి మిగులుతుంది. అంతకన్నా కిటికీ ఉన్న స్నానాలగది నయం. నాలుగైదు కుండీలు దగ్గరదగ్గరగా పెట్టినా కొంత మేలు. ఇక వెలుతురు, కిటికీ పక్కన లైటు వేయకుండా పుస్తకం చదువుకోగలిగినంత ఉండాలి, ఎండ మాత్రం ఆకు మీద పడకూడదు. మట్టి ఎప్పుడూ పిండిన గుడ్డలా చెమ్మగా ఉండాలి. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరుతోందనిపిస్తే పోయండి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి.

మెయిడెన్‌హెయిర్ లాంటి సుకుమారికి మాత్రం నేనిప్పుడు వార్డ్ గారి దారే పట్టాను. వెడల్పు మూతి ఉన్న గాజు జాడీ, అడుగున చెమ్మమట్టి, అందులో చిన్న మొక్క. ఎండ తగలని చోట పెట్టాలి. ఎండలో పెడితే లోపల మొక్క ఉడికిపోతుంది. పొద్దున గాజుకు ఆవిరి పట్టి తర్వాత విడిపోతే అంతా బాగున్నట్టే. రోజంతా లోపల మొక్క కనబడనంత మసగ్గా ఉంటే నీళ్లు ఎక్కువయ్యాయి, మూత తీసి కొన్ని గంటలు ఆరనివ్వండి. అసలు ఆవిరే పట్టకపోతే రెండు మూడు చెంచాల నీళ్లు పోయండి. చెంచాలతోనే, చెంబుతో కాదు.

రెండోసారి తెచ్చిన మొక్క కూడా దారిలోనే ఎండిపోయింది. పారేయలేదు. ఆకులన్నీ మట్టిదాకా కత్తిరించి జాడీలో పెట్టాను. కొన్ని వారాలకు నల్లదారం లాంటి కాడ ఒకటి, కొస చుట్టచుట్టుకుని పైకి లేచింది. ఇప్పుడు జాడీ నిండా ఆకులే.

మీరూ పెడితే ఒక్కటి చూసుకోండి, మూత ఇనపది కాకుండా. సెలవు.