‘నైట్ కీ’ ప్రదర్శనకు ముందు రెండు మాటలు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఆహ్వానపత్రికలో ఉన్నాయి, మళ్లీ చదవను. సినిమా 68 నిమిషాలే, నేను అంతకు మించి మాట్లాడితే బాగుండదు.

1937లో హాలీవుడ్ సంస్థ యూనివర్సల్ తీసిన చిత్రం, దర్శకుడు లాయిడ్ కోరిగన్. ఫ్రాంకెన్‌స్టైన్ భూతంగా జనాన్ని హడలెత్తించిన బోరిస్ కార్లాఫ్ ఇందులో చూపు మందగించిన ముసలి ఆవిష్కర్త, డేవ్ మాలరీ. అతను కనిపెట్టిన దొంగల అలారాన్ని రేంజర్ అనేవాడు కాజేసి కంపెనీ నడుపుతున్నాడు. ఏళ్ల తర్వాత మాలరీ కాంతికిరణంతో పనిచేసే కొత్తది తెస్తే, దాన్నీ రాయించుకుని అటకెక్కిస్తాడు. పాతవే లాభసాటి మరి!

కార్లాఫ్ నటన గురించి మాట్లాడమన్నారు. కానీ హక్కులు రాసిచ్చేసిన మాలరీ సంతకం దాటి ముందుకు పోబుద్ధి కావడం లేదు.

ముందు ఆ పాత అలారం సంగతి. తలుపుల, కిటికీల స్విచ్చులన్నిటినీ కలుపుతూ ఒకే తీగ, అందులో ఎప్పుడూ సన్నటి కరెంటు. రిలేను, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చును, పట్టి ఉంచేది ఆ కరెంటే. తలుపు తెరిస్తే సర్క్యూట్ తెగుతుంది, రిలే వదిలేస్తుంది, గంట మోగుతుంది. కరెంటు ఉందా లేదా అన్నదే రిలేకి తెలుసు, ఎటునుంచి వస్తోందో తెలీదు. రేంజర్ మీద కసితో మాలరీ వాడే, అలారాల నోరు నొక్కే పరికరం ‘నైట్ కీ’ ఆడుకునేది ఇలాంటి గుడ్డితనంతోనే. విరుగుడుగా తీగ చివర, కరెంటును ఇంతేనని కట్టడి చేసే రెసిస్టర్ పెడతారు: 12 వోల్టులకు 2.2 కిలో ఓమ్‌లైతే సుమారు 5.5 మిల్లీ ఆంపియర్లు, తగ్గినా పెరిగినా గంటే. దాన్ని తీగ చివరన కాకుండా, ఆ కరెంటును కనిపెట్టి గంట మోగించే ప్యానెల్ డబ్బాలోనే బిగించేసి చేతులు దులుపుకునే మహానుభావులు ఇప్పటికీ ఉన్నారు. అప్పుడు బయట తీగలు కలిపేసినా ప్యానెల్‌కి తేడా తెలీదు.

అలారం ఆపి లోపలికి దూరినా మాలరీ దోచుకోడు. గొడుగుల కొట్లో దూరి గొడుగులన్నీ విప్పి వస్తాడు! ముఠావాళ్లు అతన్ని పట్టుకున్నాకే అసలు నేరకథ.

సరే, సంతకం. పేటెంటును వాడకుండా మూలన పెట్టినవాడు కూడా ఇతరుల్ని ఆపవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1908లోనే, కాగితపు సంచుల కేసులో తేల్చింది. మన 1970 చట్టం కొంత నయం. పేటెంటు మంజూరైన మూడేళ్లకు, ఇక్కడ పనిలో పెట్టలేదని సెక్షన్ 84 కింద ఇతరులు తప్పనిసరి లైసెన్సు, అంటే యజమాని ఒప్పుకోకపోయినా వాడుకునే అనుమతి, అడగవచ్చు. కానీ అలా వాడుకున్నందుకు కట్టే రాయల్టీ కూడా పేటెంటు ఎవరి పేరున ఉంటే వాళ్లకే!

వెనక వరస ఇంజనీరింగ్ పిల్లలూ, ఫోన్లు పక్కన పెట్టి, మీ ఆవిష్కరణ రాసిచ్చే ఒప్పందంలో ఏముండాలో రాసుకోండి. ఇన్ని నెలల్లో మార్కెట్లో పెట్టకపోతే హక్కులు తిరిగి నావే అన్న షరతు. అమ్మినా అమ్మకపోయినా ఏడాదికి కనీస రాయల్టీ. “శాయశక్తులా ప్రయత్నిస్తాం” అని ఉంటే కొట్టేయించి, అక్కడ తేదీ వేయించండి.