మిషిగన్‌లో చలి మొదలైంది, ఎలకలు ఇంట్లోకి వచ్చే టైమ్ ఇదే | మా ఇంటి కన్నాలన్నీ ఎలా మూశామో చూడండి

హాయ్ అండి, అందరికీ నమస్కారం, ఎలా ఉన్నారు. మేము ఉండేది మిషిగన్‌లో కాంటన్ అని మన ఛానల్ చూసేవాళ్లకి తెలుసు కదా, ఇక్కడ అక్టోబర్ సగం దాటిందంటే పొద్దున్నే కారు అద్దం మీద ఐస్ గీకాల్సిందే, సరిగ్గా అప్పుడే బయట పొదల్లో, ఖాళీ స్థలాల్లో తిరిగే చిట్టెలకలు వెచ్చటి చోటు వెతుక్కుంటూ ఇళ్లల్లోకి దూరతాయి. మా సబ్‌డివిజన్, అంటే మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో ఇప్పుడు ఇదే మాట, ప్యాంట్రీలో కనిపించింది, గరాజ్‌లో కనిపించింది, ఏ మందు పెట్టాలి, ఏ బోను మంచిది అని. ఎలా చంపాలి అని అందరూ అడుగుతున్నారు గానీ అసలు ఎక్కణ్ణించి వచ్చింది అని ఎవరూ అడగట్లేదండి. ముందు అది చూడాలి. ఒక ఆడ ఎలక మూడు వారాలకే ఈనుతుంది, ఒక్కో ఈతకి అయిదారు పిల్లలు, ఆ పిల్లలు నెలన్నర తిరిగేసరికి మళ్లీ పిల్లలు పెట్టే ఈడుకి వచ్చేస్తాయి, దారి తెరిచి ఉంచి మనం ఎన్ని పట్టుకుంటే ఏం లాభం చెప్పండి.

రండి, బయటికి వెళ్దాం, జాకెట్ వేసుకుని టార్చ్ పట్టుకుని ఇంటి చుట్టూ ఒక రౌండ్ వేద్దాం. ఇదిగో ఇక్కడ చూడండి, ఏసీ పైపులు గోడలోంచి లోపలికి వెళ్లే చోటు, చుట్టూ పెట్టిన ముద్ద ఎండిపోయి ఊడిపోయింది, నా చేతిలో ఉన్న పెన్సిల్ ఈ సందులో పడుతోంది కదా, పెన్సిల్ పట్టిందంటే ఎలక పడుతుంది. పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్ల కన్నం చాలు దానికి, తల దూరితే ఒళ్లంతా దూర్చేస్తుంది. అందుకే మీరు కూడా ఒక పెన్సిల్ జేబులో వేసుకుని తిరగండి, అంతకంటే మంచి కొలత లేదు.

ఈ సందులో మా వారు కాపర్ మెష్, అంటే రాగి తీగల జాలీ కుక్కుతున్నారు చూడండి, గట్టిగా కుక్కాలి, దాని మీద కాల్కింగ్, అంటే సందులు మూసే ముద్ద వేయాలి. చాలామంది స్ప్రే ఫోమ్ ఒక్కటే కొట్టేసి అయిపోయింది అనుకుంటారు, ఫోమ్‌ని ఎలకలు కొరికి పడేస్తాయండి, వాటి ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటాయి. లోపల సింక్ కింద పైపుల దగ్గర, పొడిగా ఉండే చోట స్టీల్ వూల్, అంటే సన్నటి ఉక్కు పీచు అయినా పర్లేదు, బయట తడి తగిలే చోట మాత్రం అది తుప్పు పట్టి రాలిపోతుంది, అక్కడ కాపర్ గానీ స్టెయిన్‌లెస్ గానీ పెట్టండి.

తర్వాత గరాజ్ డోర్. ఎక్కువ ఇళ్లల్లో అసలు దారి ఇదే. డోర్ మూసేసి లోపల లైట్ ఆపి నిలబడండి, కింద రెండు మూలల్లో బయట వెలుతురు కనిపించిందంటే రబ్బరు అరిగిపోయినట్టే, మార్చేయండి. గరాజ్‌లోంచి ఇంట్లోకి వచ్చే తలుపు కింద కూడా చూసుకోండి, గరాజ్ దాకా వచ్చినవి అక్కడ ఆగవు.

ఇటుక గోడ ఉన్నవాళ్లు ఒకటి గమనించండి, కింద వరసలో ఇటుకల మధ్య సన్నటి నిలువు ఖాళీలు ఉంటాయి, అవి గోడ వెనక చేరిన నీళ్లు బయటికి పోవడానికి కావాలనే వదిలినవి, వాటిని సిమెంటుతోనో కాల్కింగ్‌తోనో మూసేయకండి, గోడ లోపల చెమ్మ పట్టేస్తుంది. స్టెయిన్‌లెస్ మెష్ ముక్కలు దూర్చితే గాలీ నీళ్లూ వెళ్తాయి, ఎలక రాదు. అలాగే బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ గాలి బయటికి పోయే వెంట్‌కి జాలీ బిగించకూడదు, బట్టల పీచు దానికి పట్టుకుని నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది, అక్కడ రేకు మూత సరిగ్గా పడుతోందా లేదా అని చూసుకుంటే చాలు. బేస్‌మెంట్‌లో అయితే కాంక్రీట్ గోడ అయిపోయి చెక్క మొదలయ్యే చోట చుట్టూ టార్చ్ వేసి చూడాలి, మాకు అక్కడే పొడుగ్గా ఒక చీలిక కనిపించింది.

మా అత్తయ్యగారు ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు, ఆవిడది తెనాలి పక్కన పల్లెటూరు, ఈ పని చూసి ఆవిడ చెప్పిన మాట నాకు చాలా నచ్చింది. "ఏమ్మా, మా చేలల్లో యానాదులు ఎలకలు పట్టడానికి వచ్చినప్పుడు కూడా ఇంతే, రాగానే గునపం వేసేవాళ్లు కాదు, ముందు గట్టు చుట్టూ తిరిగి ఏ బొరియకి ఎక్కడెక్కడ బయటికి దారులున్నాయో చూసి అన్నీ మట్టితో మూసి, అప్పుడు కుండలో గడ్డి రాజేసి ఒక్క దారిలోంచి పొగ ఊదేవాళ్లు" అన్నారు. ఎంత తెలివైన పని చూడండి, తరాల నుంచి ఆ మట్టిలో తిరిగి నేర్చుకున్నది అది, మనం ఇక్కడ డబ్బులు కట్టి పిలిపించుకునే పెస్ట్ కంట్రోల్ వాళ్లలో కూడా మంచివాళ్లు చేసేది అదే. వాళ్లని పిలిస్తే ఎక్స్‌క్లూజన్, అంటే ఇలా దారులు మూసే పని చేస్తారా అని గట్టిగా అడగండి, ఊరికే మూణ్ణెల్లకోసారి వచ్చి మందు డబ్బా నింపి వెళ్లే కాంట్రాక్ట్ అయితే నా ఉద్దేశంలో అనవసరం.

ఇప్పుడు లోపలికి వద్దాం. మనవాళ్ల ఇళ్లల్లో ఎలకకి ఉన్నంత తిండి ఇంకెక్కడా దొరకదేమో, సోనా మసూరి సంచి నేల మీద, ఆటా సంచి గరాజ్‌లో, పల్లీలు, నువ్వులు ప్లాస్టిక్ కవర్లకి రబ్బర్ బ్యాండ్ వేసి పెట్టేస్తాం. ఎలక ఒక్క చోట కూర్చుని కడుపు నింపుకోదండి, రాత్రంతా పాతిక ముప్పై చోట్ల కొంచెం కొంచెం కొరుక్కుంటూ తిరుగుతుంది, అంటే ఒక్కటి వచ్చినా ప్యాంట్రీ మొత్తం పాడే. అందుకే బియ్యం గట్టి మూత తిప్పే 5 గ్యాలన్ల బకెట్లోకి మార్చేశాను, 20 పౌండ్ల సంచి ఇంకా చోటు మిగిలేలా పడుతుంది, పప్పులన్నీ స్టీల్ డబ్బాల్లోకి వెళ్లిపోయాయి. పూజ గది మర్చిపోవద్దు! అక్షింతలు, కొబ్బరి చెక్క, అటుకుల ప్రసాదం రాత్రి అక్కడే ఉంచేస్తాం కదా, పైగా దూది ఒత్తులు వాటికి గూడు కట్టుకోవడానికి తెగ పనికొస్తాయి, అన్నీ ఒక డబ్బాలో పెట్టేసుకోండి. బేస్‌మెంట్‌లో సూట్‌కేసుల్లో పట్టుచీరలు పెట్టుకున్నవాళ్లు జిప్పులు పూర్తిగా వేసున్నాయో లేదో ఇవాళే చూసుకోండి.

దారులు మూసాక లోపల మిగిలిపోయినవాటికి బోను. నేను వాడేది స్ప్రింగ్ మీద టక్కున పడే మామూలు స్నాప్ ట్రాపే. గోడకి అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడని ఆనుకునేలా పెట్టాలి, ఎందుకంటే ఎలక గది మధ్యలో తిరగదు, గోడ వారగానే పరిగెడుతుంది. ఎర పీనట్ బటర్, కందిగింజంత చాలు, ఎక్కువ పెడితే ట్రాప్ పడకుండానే నాకేసి వెళ్లిపోతుంది. పెద్ద ఎలకలు కొత్త వస్తువుని చూసి భయపడి కొన్నాళ్లు దగ్గరికి రావు గానీ ఈ చిట్టెలకలకి ఆరా ఎక్కువ, కొత్తది కనిపిస్తే వచ్చి చూస్తాయి. కాబట్టి ఒకటీ రెండూ కాకుండా ఒకేసారి ఎక్కువ పెట్టండి. జిగురు అట్టలు మాత్రం నేను కొనను, అది ప్రాణంతో కొట్టుకుంటూ చాలాసేపు నరకం పడుతుంది, భయంతో మూత్రం పోసేస్తుంది, అందులో రోగాలు ఉండొచ్చు కాబట్టి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా వాటిని వద్దంటుంది. ప్లగ్‌లో పెట్టే అల్ట్రాసౌండ్ మెషిన్ల మీద కూడా డబ్బులు పెట్టకండి, ఎలకలు పారిపోతాయని సరైన రుజువు లేకుండా చెప్పుకుంటున్నారని 2001లోనే ఇక్కడ వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 60కి పైగా కంపెనీలకి, షాపులకి హెచ్చరిక లేఖలు పంపింది.

ఇక మందు. దయచేసి ఇండియా నుంచి సూట్‌కేస్‌లో ఎలకల మందు తెచ్చుకోకండి, తెప్పించుకోకండి. అక్కడ దొరికే ఆ పేస్టుల్లో కొన్నిట్లో పసుపు ఫాస్ఫరస్ ఉంటుంది, అది లోపలికి వెళ్తే లివర్‌ని దెబ్బతీస్తుంది, దానికి విరుగుడు మందు లేదు. ఇక్కడ దొరికేవాటిలో కూడా డబ్బా మీద బ్రోమెథలిన్ అని ఉంటే అది నరాల మీద పనిచేసే విషం, దానికీ విరుగుడు లేదు. పాకే పిల్లలు, కుక్కపిల్ల ఉన్న ఇంట్లో ఆ పని ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. పైగా మందు తిన్న ఎలక గోడల మధ్య ఎక్కడో చచ్చిందంటే ఆ కంపు భరించలేం, తీయడానికి చెయ్యి పట్టదు. పిల్లలు ఏదైనా నోట్లో పెట్టుకున్నారని అనుమానం వస్తే వాంతి చేయించడాలు అవీ పెట్టుకోకుండా పాయిజన్ హెల్ప్‌లైన్ 1-800-222-1222కి వెంటనే కాల్ చేయండి, రాత్రీపగలూ పలుకుతారు, స్పృహ తప్పినా, ఊపిరి అందకపోయినా ఎమర్జెన్సీ నంబర్ 911కి చేయండి.

శుభ్రం చేసే విషయం కాస్త జాగ్రత్తగా వినండి. బియ్యపు గింజంత నల్లటి పెంటికలు కనిపించగానే మన చెయ్యి చీపురు మీదకి పోతుంది, ఇక్కడైతే వ్యాక్యూమ్ మీదకి. రెండూ వద్దు. దుమ్ము గాల్లోకి లేస్తే అది పీల్చేస్తాం. ఇక్కడ బయట తిరిగే ఎలకల్లో పొట్ట, పాదాలు తెల్లగా, కళ్లు పెద్దగా ఉండే రకాలు ఉన్నాయి, వాటిలో డీర్ మౌస్ అనేది హంటావైరస్ మోస్తుంది, మాకు పక్కనే ఉన్న వాష్టెనా కౌంటీలో 2021లో ఒకావిడకి హంటావైరస్ జబ్బు వచ్చింది, మిషిగన్‌లో అదే మొదటి కేసు, ఆవిడ ఎలకలు పట్టిన ఖాళీ ఇంటిని శుభ్రం చేశారు. అరుదైన జబ్బే, కానీ ప్రాణాంతకం. కాబట్టి కిటికీలు తెరిచి ఒక అరగంట బయటికి వెళ్లిపోండి, తర్వాత గ్లవ్స్ వేసుకుని 1 కప్పు బ్లీచ్‌కి 9 కప్పుల నీళ్లు కలిపి పెంటికల మీద తడిసేలా కొట్టి 5 నిమిషాలు వదిలి, పేపర్ టవల్‌తో ఎత్తి కవర్లో కట్టి పారేయండి. చచ్చిన ఎలకనైనా ముందు తడిపి, రెండు కవర్లు వేసి పారేయాలి.

కడుపుతో ఉన్న అమ్మాయిలు ఉంటే ఈ పని అస్సలు ముట్టుకోకండమ్మా. మామూలు ఇంటి ఎలకల్లో ఎల్‌సీఎమ్‌వీ అనే వైరస్ ఉండొచ్చు, తల్లికి వచ్చిందంటే కడుపులో బిడ్డకి చాలా ప్రమాదం. ఆయన్ని చేయమనండి, ఫ్రెండ్స్‌ని పిలవండి, మొహమాటపడకండి.

అపార్ట్‌మెంట్లో, టౌన్‌హౌస్‌లో అద్దెకి ఉండేవాళ్లు నోటిమాటతో వదిలేయకుండా లీజింగ్ ఆఫీస్‌కి ఫోటోలు పెట్టి మెయిల్ రాయండి, గోడలు కలిసే ఉంటాయి కాబట్టి మీ ఒక్క ఇంట్లో మూస్తే సరిపోదు, అటూ ఇటూ ఇళ్లు కూడా చూడమని అందులోనే అడగండి. వాళ్లు వచ్చేలోపు సింక్ కింద, స్టవ్ వెనక గ్యాస్ పైపు వచ్చే చోట స్టీల్ వూల్ మీరే కుక్కేసుకోవచ్చు, పది డాలర్ల లోపు పని. ఉంటానండి, మా వారు నిచ్చెన పట్టుకోమని పిలుస్తున్నారు, గరాజ్ పైన ఇంకో మూల మిగిలింది.