క్వార్టర్‌బ్యాక్ పనికొస్తాడా, రాడా?

శ్రోతలందరికీ నమస్కారం.

సెప్టెంబరు వచ్చిందంటే అమెరికాలో శనివారాలన్నీ కాలేజీ ఫుట్‌బాల్‌వే. మిషిగన్, లూయిజియానా, అలబామా లాంటి చోట్ల ఒక్కో స్టేడియంలో లక్షమంది కూర్చుని చూస్తారు. ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన మన పిల్లలు కూడా మొదటి ఏడాది ఏమీ అర్థంకాక చూస్తారు, రెండో ఏడాదికల్లా కాలేజీ రంగు చొక్కా తొడుక్కుని గొంతు పోయేలా అరుస్తారు. జట్టు ఓడిన వారం అందరి నోటా ఒకటే మాట వినపడుతుంది: "ఈ క్వార్టర్‌బ్యాక్‌తో లాభం లేదు, మార్చేయాలి." నిజంగానే లాభం లేదా? అది ఎలా తేల్చాలో ఇవాళ మాట్లాడుకుందాం.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. మైదానం 100 గజాల పొడవు, జట్టుకి 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, వాటిని డౌన్లు అంటారు. నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు దొరుకుతాయి. వరస మధ్యలో వంగి నిలబడ్డ సెంటర్ కాళ్ల సందునుంచి బంతిని వెనక్కి అందిస్తాడు, అది స్నాప్. అందుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. ఏ ఎత్తు వేయాలో కోచ్ చెప్పి పంపినా, బంతిని పరుగెత్తేవాడి చేతిలో పెట్టడమా, రిసీవర్‌కి విసరడమా, తనే పరుగందుకోవడమా అన్నది చాలాసార్లు చివరి క్షణంలో అతని చేతిలోనే ఉంటుంది.

అందుకే గెలిస్తే పొగడ్తలన్నీ అతనికే, ఓడితే తిట్లన్నీ అతనికే. అంచనాలు తప్పేది కూడా ఇక్కడే. జట్టు లెక్కని తీసుకెళ్లి అతని ఖాతాలో రాసేస్తాం. అతను చేసినదేదో, అతనికి జరిగినదేదో విడదీయగలిగితే సగం పని అయినట్టే.

ముందు అంకెల సంగతి. కాలేజీ ఆటలో పాసర్ రేటింగ్ అని ఒకటుంది. పాస్‌లతో వచ్చిన గజాలను 8.4తో, టచ్‌డౌన్లను, అంటే బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటించిన పాస్‌లను, 330తో, అందిన పాస్‌లను 100తో హెచ్చవేసి కలుపుతారు. అవతలివాళ్లు లాక్కున్న పాస్‌లు, అంటే ఇంటర్‌సెప్షన్లు, ఒక్కోదానికి 200 తీసేస్తారు. వచ్చినదాన్ని విసిరిన పాస్‌ల సంఖ్యతో భాగిస్తారు. లెక్క బాగానే ఉంది, కానీ విసిరింది ఎవరికో, కాపు కాసింది ఎవరో దానికి తెలియదు.

లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ కుర్రాడు జో బరోని చూడండి. 2018లో 379 పాస్‌లు విసిరితే 219 అందాయి, నూటికి 58 కూడా లేదు. టచ్‌డౌన్లు 16, రేటింగ్ 133.2. ఏదో ఫరవాలేదు అనిపించుకునే స్థాయి. మరుసటి ఏడాది అతనే 527 విసిరి 402 అందించాడు. 5,671 గజాలు, 60 టచ్‌డౌన్లు, 6 ఇంటర్‌సెప్షన్లు, రేటింగ్ 202. జట్టు ఆడిన 15 ఆటలూ గెలిచి జాతీయ విజేత అయింది, దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అతనికి దక్కింది. కొన్ని నెలల్లో చేతి సత్తువ అంతలా మారిపోదు. జో బ్రేడీ అనే యువ కోచ్ వచ్చి, రిసీవర్లను మైదానం అడ్డంగా పరిచి ఆడించే పద్ధతి తెచ్చాడు. బంతి అందుకునే జమార్ చేజ్, జస్టిన్ జెఫర్‌సన్ ఆరితేరారు. క్వార్టర్‌బ్యాక్‌కి కాపు కాసే ముందు వరస కుర్రాళ్లు ఆ ఏడాది దేశంలో ఉత్తమ వరసకిచ్చే జో మూర్ అవార్డు గెలిచారు. పిచ్ ఎలాంటిదో అడక్కుండా బ్యాట్స్‌మన్ స్కోరు మాత్రం చూసి తీర్పు చెబితే ఎలా ఉంటుందో, 2018 అంకెలు పట్టుకుని బరోని కొట్టిపారేయడం అలాగే ఉండేది. నిజానికి ఆ ఏడాది లెక్కలోనే ఒక మంచి గుర్తు ఉంది: 379 పాస్‌లలో పోగొట్టుకున్నవి ఐదే. బంతి ఎప్పుడు విసరకూడదో అతనికి అప్పటికే తెలుసు.

అంకెల్లో ఇంకో గొయ్యి ఉంది, తెలిసినవాళ్లు కూడా అందులో పడుతుంటారు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే అతన్ని పడగొడితే అది సాక్. వృత్తి ఆటలో ఆ నష్టాన్ని జట్టు పాస్ గజాల్లోంచి తీసేస్తారు. కాలేజీ ఆటలో అతని పరుగు గజాల్లోంచి తీసేస్తారు. దాంతో పాస్ లెక్క మచ్చలేకుండా మిగిలిపోతుంది. ఒక కుర్రాడు 30 పాస్‌లు విసిరి 240 గజాలు తెచ్చాడనుకోండి. పాస్‌కి 8 గజాలు, భేష్ అంటాం. అదే ఆటలో నాలుగుసార్లు సాక్ అయి 28 గజాలు పోగొట్టాడు. 240లో 28 తీసి, 30కి 4 కలిపి భాగిస్తే 6.2 వస్తుంది. ఒక్క సవరణతో మంచి ఆట కాస్తా నాసిరకం అయింది. ఏ క్వార్టర్‌బ్యాక్ గురించి వాదించే ముందైనా ఈ కూడికా తీసివేతా చేసి చూడండి.

పాస్‌లు నూటికి ఎన్ని అందాయన్నదాన్ని నేను పెద్దగా నమ్మను. వరస వెనకే పక్కకి అందించే స్క్రీన్ పాస్‌లు పది వేయిస్తే ఎవరికైనా 70 శాతం వస్తుంది. దానికంటే మూడో డౌన్‌లో ఏడు గజాలు, అంతకు పైన కావాల్సినప్పుడు ఏం చేశాడో చూడండి. పాస్ వస్తుందని అవతలివాళ్లకీ తెలుసు, కాబట్టి మాయ చేయడానికి వీలుండదు. ఎనిమిది గజాలు కావాలి, ఇతను మూడు గజాల దగ్గర ఉన్నవాడికి అందించి ఊరుకున్నాడు. అందిన పాస్‌గా లెక్కలోకి వెళ్లింది గానీ, నాలుగో డౌన్‌లో బంతిని తన్ని అవతలి జట్టుకి ఇచ్చేయాల్సి వచ్చింది.

ఇక కళ్లతో చూడాల్సినవి. టీవీలో బంతిని చూడటం కాసేపు మానేసి, స్నాప్‌కి ముందు అవతలి జట్టులో అందరికంటే వెనక నిలబడ్డవాళ్లను చూడండి. వాళ్లు సేఫ్టీలు. ఒకడే మధ్యలో ఉన్నాడా, ఇద్దరు చెరో పక్కా ఉన్నారా? స్నాప్ కాగానే ఇద్దరిలో ఒకడు ముందుకు దూకుతాడు, రక్షణ రూపం మారిపోతుంది. మంచి క్వార్టర్‌బ్యాక్ వెనక్కి తగ్గే మొదటి అడుగుల్లోనే అది పసిగడతాడు. 2024 నుంచి పై విభాగం ఆటల్లో కోచ్ మాట హెల్మెట్‌లో వినపడుతోంది. కానీ స్నాప్‌కి ఇచ్చిన గడువు కొలిచే ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగలగానే ఆ గొంతు ఆగిపోతుంది. ఆ తర్వాత చదువుకోవాల్సింది అతనొక్కడే.

తర్వాత పాదాలు. కాపు కాసే ఐదుగురు అర్ధచంద్రాకారంగా నిలబడి అతనికి కాస్త చోటు ఇస్తారు. అంచుల నుంచి వచ్చేవాళ్లు చుట్టు తిరిగి రావాలి. అప్పుడు క్వార్టర్‌బ్యాక్ ఒకటి రెండు అడుగులు ముందుకు వేస్తే వాళ్లు అతని వెనక నుంచి జారిపోతారు. భయపడి వెనక్కి జరిగితే సరిగ్గా వాళ్ల దారిలోకే పోతాడు. అంచున కాపు కాసిన టాకిల్ తన పని ఏ లోపమూ లేకుండా చేసినా సాక్ అయిపోతుంది, జనం టాకిల్‌ని తిడతారు. గడియారం కూడా చూడాలి. రెండు సెకన్లలోపే మీద పడ్డారంటే తప్పు చాలావరకు ముందు వరసది. మూడు సెకన్లు దాటినా బంతి చేతిలోనే ఉంటే తప్పు ఇతనిది. ఐదుగురు కాస్తుంటే ఆరుగురు దూకారనుకోండి, ఒకడు ఎలాగూ ఖాళీగా వస్తాడు. ఎవడొస్తాడో ముందే గుర్తించి, వాడు వదిలొచ్చిన చోటికి వెంటనే విసరడం క్వార్టర్‌బ్యాక్ పనే.

విసిరేటప్పుడు బరువు వెనక కాలి మీదే ఉండిపోతే బంతి పైకి లేస్తుంది. మైదానం మధ్యలో రిసీవర్ తలమీదుగా పోయిన బంతి నేరుగా సేఫ్టీ చేతుల్లో పడుతుంది. ఇంటర్‌సెప్షన్లను కూడా వేరుచేసి చూడాలి. రిసీవర్ చేతుల్లో తగిలి ఎగిరింది ఒక రకం. విరామానికి ముందు చివరి సెకనులో దూరంగా ఎగరేసింది ఇంకో రకం. స్నాప్ అయినప్పటినుంచీ ఒకే రిసీవర్‌ని కళ్లార్పకుండా చూస్తూ, ఆలస్యంగా మధ్యలోకి విసిరింది మాత్రం అసలైన జబ్బు. అవతలివాడు పట్టబోయి జారవిడిచిన పాస్‌లనూ ఈ ఖాతాలోనే రాయండి. వచ్చేవారం వాళ్లు జారవిడవరు.

చేతి బలం గురించి అందరూ మాట్లాడతారు గానీ దాన్ని ఎక్కడ చూడాలో చెప్పరు. కాలేజీ మైదానం వెడల్పు 160 అడుగులు. నిలువునా రెండు హాష్ గీతల వరసలుంటాయి, ఒక్కొక్కటి తన పక్క అంచుకి 60 అడుగుల దూరంలో. బంతిని ఆ రెండు వరసల మధ్యే ఎక్కడో పెడతారు. బంతి ఎడమ హాష్ మీద ఉంది, క్వార్టర్‌బ్యాక్ ఏడు గజాలు వెనక ఉన్నాడు. రిసీవర్ పది గజాలు ముందుకు పరుగెత్తి అంచువైపు తిరుగుతాడు. ఎడమ అంచు దగ్గర ఇదే పాస్ అయితే బంతి గాల్లో సుమారు 25 గజాలు పోతే చాలు. కుడి అంచు దగ్గరైతే 35 గజాలు దాటాలి. పుస్తకంలో రెండూ పది గజాల పాస్‌లే. ఆ పది గజాల తేడా దాటడానికి బంతికి పట్టే సమయంలో అంచున కాపలా ఉన్న కార్నర్‌బ్యాక్ రెండు మూడు అంగలు దగ్గరకొచ్చేస్తాడు. చేయి చాలనివాడు ఈ పాస్ అసలు ప్రయత్నించడు. అది గమనించిన అవతలి కోచ్ ఆ పక్కన కాపలా తగ్గించి, మిగిలిన మైదానాన్ని బిగించేస్తాడు. కాబట్టి విసిరిన పాస్‌లతో పాటు విసరని పాస్‌లనూ లెక్కపెట్టాలి.

ఇంతకీ "పనికొస్తాడా" అంటే దేనికి? 2018 జనవరి 8న అట్లాంటాలో జాతీయ ఫైనల్. అలబామా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ అప్పటికి మొదటినుంచీ ఆడించిన ఆటల్లో 25 గెలిచి రెండే ఓడాడు. ఇక వంక ఏముంది అనిపిస్తుంది. కానీ విరామ సమయానికి జార్జియా 13-0తో ముందుంది. హర్ట్స్ ఎనిమిది పాస్‌లకి మూడు అందించి 21 గజాలు తెచ్చాడు. పరుగుతో, గట్టి రక్షణతో గెలుస్తూ వచ్చిన జట్టుకి ఆ రాత్రి పాస్ కావాల్సి వచ్చింది. కోచ్ నిక్ సేబన్ మొదటి ఏడాది కుర్రాడు టువా టంగోవైలోవాని దించాడు. అతనేమీ తప్పులు చేయకుండా ఆడలేదు. ఇంటర్‌సెప్షన్ విసిరాడు. అదనపు సమయంలో మొదటి డౌన్‌లోనే సాక్ అయి 16 గజాలు పోగొట్టాడు. రెండో డౌన్, 26 గజాలు కావాలి. చూపుతో సేఫ్టీని పక్కకి రానివ్వకుండా ఆపి, ఎడమ అంచున డెవాంటా స్మిత్‌కి విసిరాడు. 41 గజాల టచ్‌డౌన్, 26-23తో ఆట ముగిసింది. ఆ నిర్ణయం సరైనదే. అలాగని హర్ట్స్ పనికిరానివాడనీ కాదు. అదే ఏడాది డిసెంబరులో జార్జియా మీదే కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడుకునే లీగ్) ఫైనల్లో వెనకబడ్డ జట్టుని బెంచీ మీదనుంచి వచ్చి గెలిపించాడు. 2025లో ఫిలడెల్ఫియా తరఫున వృత్తి ఆట ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

మార్చాలనుకుంటే బెంచీ మీద ఎవరున్నారో కూడా చూడాలి. ఆట తేలిపోయాక చివర్లో దిగే కుర్రాడు ఎప్పుడూ మెరుస్తాడు. అవతల కూడా రెండో వరసవాళ్లే ఉంటారు, రక్షణ వదులైపోతుంది. పైగా వారమంతా సాధనలో ఎక్కువ వంతు మొదటివాడికే పోతుంది కాబట్టి, రెండోవాడి సత్తా కోచ్‌లకే పూర్తిగా కనపడదు. కాలేజీ సీజన్‌లో మామూలు ఆటలు పన్నెండే. ఆటకి 30 పాస్‌ల లెక్కన మూడు ఆటలంటే 90 పాస్‌లు, అంత కొద్దిదానిలో రెండు ఇంటర్‌సెప్షన్లు ఎక్కువైనా తక్కువైనా పెద్ద అర్థం ఉండదు. మూడోసారి ఓడగానే కేకలు వేసేవాళ్లు ఈ లెక్క మర్చిపోతారు.

మిషిగన్ కోచ్ జిమ్ హార్బా 2022లో చేసిన పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. ముందు ఏడాది ఒహైయో స్టేట్‌ని ఓడించి కాన్ఫరెన్స్ గెలిపించిన కేడ్ మెక్‌నమారా ఉన్నాడు. వెనక జె.జె. మెకార్తీ అనే రెండో ఏడాది కుర్రాడు ఉన్నాడు. ఒకే ఆటలో ఇద్దరినీ తిప్పి తిప్పి దించకుండా, మొదటి ఆట మెక్‌నమారాతో, రెండో ఆట మెకార్తీతో మొదలుపెట్టించాడు. వారంపాటు మొదటి వరసతో సాధన చేసే అవకాశం ఇద్దరికీ దక్కింది. కొలరాడో స్టేట్ మీద మెక్‌నమారా 18 పాస్‌లకి 9 అందించాడు, హవాయి మీద మెకార్తీ 12కి 11 అందించి మూడు టచ్‌డౌన్లు విసిరాడు. రెండూ బలమైన జట్లు కావు కాబట్టి పోలిక దాదాపు సమానమే. ఆ తర్వాత స్థానం మెకార్తీదయింది. 2023 సీజన్‌లో అతనితో మిషిగన్ ఆడిన 15 ఆటలూ గెలిచింది.