ఫోర్మిగా: ఏడు ప్రపంచ కప్‌లు ఆడిన చీమ

[తెర మీద: పసుపు జెర్సీలో పరుగెత్తుతున్న ఒక అమ్మాయి. పక్కన అంకె: 1995]

ఈ అమ్మాయి వయసు పదిహేడు. బ్రెజిల్ తరఫున మహిళల ప్రపంచ కప్ ఆడటానికి స్వీడన్ వచ్చింది.

[తెర మీద: అదే జెర్సీ, అదే పరుగు. అంకె: 2019]

ఇప్పుడు వయసు నలభై ఒకటి. ఫ్రాన్స్‌లో మళ్లీ ప్రపంచ కప్. ఈ రెంటికీ మధ్య జరిగిన ప్రతి ప్రపంచ కప్‌లోనూ ఆమె ఉంది. లెక్కిస్తే ఏడు. పురుషులలో కూడా ఇన్ని ఆడినవారు లేరు. మహిళల ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లోకి 1996లో వచ్చింది. అప్పటి నుంచి 2021లో జరిగిన టోక్యో పోటీల దాకా ఒక్కటీ వదలకుండా ఆడింది. అవీ ఏడే.

పేరు మిరైల్డెస్ మాసియెల్ మోటా. లోకం పిలిచే పేరు ఫోర్మిగా. పోర్చుగీసులో ఆ మాటకు అర్థం చీమ. తన కోసం కాకుండా జట్టంతటి కోసం అలుపెరగకుండా ఆడుతుందని చిన్నప్పుడే పెట్టిన పేరు అది. మైదానం నడుమ ఆడే మిడ్‌ఫీల్డర్‌కు ఇంతకన్నా తగిన పేరు దొరకదని నా నమ్మకం.

[తెర మీద: మైదానం బొమ్మ. మధ్యలో ఒక చుక్క మెరుస్తుంది]

ఆ చుక్కను గమనించండి. వెనుక డిఫెండర్లు, ముందు ఫార్వర్డ్‌లు, నడుమ ఫోర్మిగా. తన జట్టు డిఫెండర్ ఒకరు దాడికి ముందుకు వెళ్తే, ఖాళీ అయిన ఆ చోటును ఈమె పూడ్చాలి. ప్రత్యర్థి పాస్ ఎటు వస్తుందో ముందే పసిగట్టి దారికి అడ్డంగా నిలబడాలి. బంతి చేతికందినట్టు కాలికి అందిన మరుక్షణం, దాన్ని ఎవరికి పంపాలో నిర్ణయమై ఉండాలి. అందుకే మంచి మిడ్‌ఫీల్డర్ బంతి రాకముందే తల తిప్పి భుజం వెనకకు చూస్తుంది. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు రెండు నిమిషాలు బంతిని వదిలేసి, మధ్యలో ఉన్న ఒక్కరినే చూడండి. గోల్ పడ్డాక కెమెరా కొట్టినవారి వైపు తిరుగుతుంది. ఆ దాడి మొదలవడానికి కారణమైన ట్యాక్లింగ్, అంటే ప్రత్యర్థి కాలి దగ్గర నుంచి బంతిని లాక్కోవడం, చాలాసార్లు తెర మీదకే రాదు. ఫోర్మిగా బతుకంతా ఆ కనిపించని పని చేసింది.

అన్నేళ్లు నిలబడటానికి కారణం కూడా అక్కడే ఉంది. నలభై దాటాక ఇరవై ఏళ్ల అమ్మాయితో పరుగులో పోటీపడటం కష్టం. కానీ బంతి చేరబోయే చోటికి రెండు అడుగులు ముందే చేరితే ఆ పోటీ అవసరమే పడదు.

[తెర మీద: సాల్వడార్ నగరం పటం]

ఆమె పుట్టింది 1978 మార్చి 3న, బహియా రాష్ట్ర రాజధాని సాల్వడార్‌లో. ఆనాటికి బ్రెజిల్‌లో ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడటం నిషిద్ధం. స్త్రీ స్వభావానికి సరిపడని ఆటలంటూ 1941లో వర్గాస్ ప్రభుత్వం తెచ్చిన ఆ నిషేధం 1979 దాకా సాగింది. చట్టం పోయినా ఇళ్లలో ఆ ఆలోచన పోలేదు. వీధిలో ఆడినందుకు ఆమెను అన్నలే కొట్టేవారు. జాతీయ జట్టుకు వచ్చాక పురుషుల జట్టు వాడి వదిలేసిన దుస్తులు వేసుకుని ఆడిన తరం ఆమెది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఒలింపిక్ బంగారు పతకం గానీ, ప్రపంచ కప్ గానీ మాత్రం దక్కలేదు. 2004 ఏథెన్స్, 2008 బీజింగ్ ఒలింపిక్ ఫైనల్స్ రెండూ అమెరికా చేతిలో, రెండూ అదనపు సమయంలో చేజారాయి. మధ్యలో 2007 ప్రపంచ కప్ ఫైనల్‌లో జర్మనీ గెలిచింది. 2016లో సొంతగడ్డ మీద, రియోలోని మరకానా స్టేడియంలో, సెమీఫైనల్ పెనాల్టీ షూటౌట్‌లో స్వీడన్ గెలిచింది. ఆ ఏడాది చివర జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పింది. కోచ్ వడావ్ అడిగితే 2018లో తిరిగి వచ్చింది.

ఈలోగా 2017లో పారిస్ సెయింట్ జర్మన్ క్లబ్బులో చేరింది. చాలామంది బూట్లు విడిచేసే వయసు అది. ఆ క్లబ్బు 2020-21 సీజన్‌లో ఫ్రెంచి లీగు గెలిచి, వరుసగా పద్నాలుగు సార్లు విజేతగా నిలిచిన లియోన్ జైత్రయాత్రను ఆపింది.

[తెర మీద: గోల్ వలను తాకుతున్న బంతి]

తను గోల్ కొట్టినప్పుడు అదీ రికార్డే అయింది. 2015 కెనడా ప్రపంచ కప్‌లో దక్షిణ కొరియా మీద కొట్టినప్పుడు ఆమె వయసు 37. మహిళల ప్రపంచ కప్‌లో అప్పటిదాకా అంత వయసులో ఎవరూ గోల్ చేయలేదు.

[తెర మీద: మనౌస్, 2021 నవంబర్ 25]

జాతీయ జట్టు తరఫున ఆమె ఆఖరి మ్యాచ్ అమెజాన్ అడవుల నడుమనున్న మనౌస్‌లో జరిగింది. ప్రత్యర్థి భారత్. మొదటి నిమిషంలోనే బ్రెజిల్ గోల్ చేస్తే, ఎనిమిదో నిమిషంలో మనీషా కల్యాణ్ స్కోరు సమం చేసింది. చివరికి బ్రెజిల్ 6-1తో గెలిచింది. రెండో సగంలో ఫోర్మిగా మైదానంలోకి వచ్చి చివరి విజిల్ దాకా ఆడింది. మనీషాకు ఇరవై నిండటానికి ఇంకా రెండు రోజులుంది. ఆమె పుట్టే నాటికే ఫోర్మిగా రెండు ప్రపంచ కప్‌లు, రెండు ఒలింపిక్స్ ఆడేసింది.