వెతికే మాట

(ప్రభుత్వ డిగ్రీ కళాశాల అధ్యాపకులు, పీజీ విద్యార్థుల అవగాహన సదస్సులో గ్రంథాలయాధికారి ప్రసంగ పాఠం)

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, తోటి అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

పోయిన వారం చరిత్ర శాఖ నుంచి ఒక మేడమ్ లైబ్రరీకి వచ్చారు. గోదావరి కాలువల మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. "సార్, మూడు రోజులుగా వెతుకుతున్నాను. కాకినాడ రేవు గురించి పాత సమాచారం ఒక్కటీ దొరకడం లేదు" అన్నారు. ఇద్దరం రెండో నంబరు కంప్యూటర్ ముందు కూర్చున్నాం. కాకినాడకు మనం ఈ రోజు రాసే ఇంగ్లిష్ స్పెల్లింగ్ తీసేసి, తెల్లదొరలు రాసుకున్న 'కోకనాడ' అని, సి అక్షరంతో మొదలుపెట్టి కొట్టాం. తెర నిండిపోయింది. ఓడల రాకపోకలు, కస్టమ్స్ లెక్కలు, రేవు ఇంజినీర్ల నివేదికలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి.

అక్కడితో ఆగలేదు. గోదావరి పేరులో చివరి ఏ బదులు ఈ, ఐ బదులు వై పెట్టి చూశాం. 1878లో హెన్రీ మోరిస్ అనే ఆంగ్లేయ అధికారి గోదావరి జిల్లా మీద రాసిన పుస్తకం పేరులోనే ఆ స్పెల్లింగ్ ఉంది. ఏలూరు 'ఎల్లోర్' అయింది. మచిలీపట్నం 'మసూలిపటం', విజయవాడ 'బెజవాడ', కృష్ణ 'కిస్ట్నా'. ధవళేశ్వరానికైతే ఒక్కో కాగితంలో ఒక్కో రూపం. 1852లో పూర్తయిన ఆనకట్ట గురించి లండన్‌లో అచ్చయిన రాతల్లో ధవళేశ్వరం అని మనం పలికేలా రాసినవారు అరుదు. ఆవిడ తన నోటుపుస్తకంలో ఒక పేజీ నిండా ఈ పాత పేర్లు రాసుకుని వెళ్లారు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క పేజీలో ఉంది. మన దగ్గర సామగ్రికి కొదవ లేదు. దాన్ని పిలవాల్సిన పేరుతో పిలవడం మనకెవరూ నేర్పలేదు.

ముందు సామగ్రి సంగతి చెబుతాను. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే కేంద్రం ఉంది. 1991లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) మొదలుపెట్టింది. దేశంలోని విశ్వవిద్యాలయాల, కళాశాలల గ్రంథాలయాలను కలిపే పని దానిది. డిగ్రీ కళాశాలల కోసం ఆ కేంద్రం 2010లో ఎన్-లిస్ట్ అనే ఏర్పాటు తెచ్చింది. కళాశాల ఏడాదికి కొద్ది వేల రూపాయలు కడితే చాలు, వేల సంఖ్యలో జర్నళ్లు (పరిశోధన పత్రికలు), లక్షకు పైగా ఈ-పుస్తకాలు అధ్యాపకులకూ విద్యార్థులకూ అందుతాయి. ఇక 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఆమోదం తెలిపింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలు, పరిశోధన సంస్థలు దీని కిందకు వచ్చాయి. ఐఐటీలో కూర్చున్న పరిశోధకుడు తెరిచే జర్నల్‌నే మన కళాశాలలో బీఎస్సీ చదివే అమ్మాయి కూడా తెరవవచ్చు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక్క విదేశీ జర్నల్ చందా కట్టాలంటే లైబ్రరీ బడ్జెట్ మొత్తం సరిపోయేది కాదు. అందుకే ఈ మాట చెప్పేటప్పుడు నాకు నిజంగా మనసు నిండిపోతుంది. అయితే తొలి దశలో ఈ పథకం ప్రభుత్వ సంస్థలకే పరిమితం. పక్క వీధిలోని ప్రైవేటు కళాశాలలో చదివే పిల్లలు కూడా మన పిల్లలే. వాళ్లకూ ఇది అందేదాకా నాకు తృప్తి ఉండదు.

ఇంత ఉండి ఏమి లాభం అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. నేను ఇదివరకు పనిచేసిన ఒక కళాశాలలో ఎన్-లిస్ట్ చందా ఏటా ఠంచనుగా కట్టేవారు. నేను చేరిన కొత్తలో బీరువా సర్దుతుంటే ఒక కవరు దొరికింది. అందులో అధ్యాపకులందరి లాగిన్ పేర్లు, పాస్‌వర్డ్‌లు అచ్చు వేసిన కాగితం మడిచి ఉంది. మూడేళ్ల నాటిది. ఎవరికీ ఇవ్వలేదు. తనిఖీకి వచ్చే బృందానికి చూపించడానికి రసీదు చాలు కదా అనుకున్నారు. ఆ మూడేళ్లలో అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న ఒక లెక్చరర్ సొంత డబ్బు పెట్టి హైదరాబాద్ వెళ్లి, రెండు రోజులు లాడ్జిలో ఉండి వ్యాసాలు జిరాక్స్ తీయించుకుని వచ్చేవారు. ఆ వ్యాసాల్లో సగం ఆయన పేరు మీద ఉన్న ఆ లాగిన్‌లోనే దొరికేవి. ఆ కాగితం ఆయన చేతికి ఇచ్చిన రోజు నేను తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను. మన కళాశాలలో అలా జరగకూడదు. ఈ సదస్సు ముగిసేసరికి మీలో ప్రతి ఒక్కరి చేతిలో మీ లాగిన్ ఉండాలి. ఇంటి నుంచి, ఫోను నుంచి కూడా పనిచేస్తుందో లేదో ఇక్కడే చూసుకుని వెళ్లండి.

ఒక హెచ్చరిక. ఒక జర్నల్ సంచికలన్నీ ఒక్క రాత్రిలో దించుకుందామని ఎవరూ చూడకండి. ప్రచురణ సంస్థలు దాన్ని పసిగడతాయి. మొత్తం కళాశాలకే ప్రవేశం ఆగిపోతుంది.

పరిశోధన మొదలుపెట్టేవారికి నేను ముందు చూపించేది శోధ్‌గంగ. మన దేశంలోని విశ్వవిద్యాలయాలు ఆమోదించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను భద్రపరిచే వెబ్‌సైట్ అది. లక్షల సంఖ్యలో ఉన్నాయి, డబ్బు కట్టనక్కరలేదు, లాగిన్ కూడా అక్కరలేదు. అందులో సిద్ధాంత గ్రంథం అధ్యాయాల వారీగా విడివిడి ఫైళ్లుగా ఉంటుంది. చాలామంది మొదటి అధ్యాయం తెరుస్తారు. నేను చివరిది తెరవమంటాను. ఉపయుక్త గ్రంథ సూచిక ఉండేది అక్కడే. మీ అంశం మీద ఐదేళ్లు కష్టపడిన మనిషి ఏమేమి చదివారో ఆ పేజీల్లో ఉంటుంది. అలాంటి మూడు సూచికలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. మూడింటిలోనూ కనిపించే పేర్లు మీరు తప్పనిసరిగా చదవాల్సినవి. ఒక్కదాంట్లోనే కనిపించేవి ఒక్కోసారి ఇంకా విలువైనవి.

తెలుగు శాఖ మిత్రులకు ప్రత్యేకంగా ఒక మాట. మన భాష పుస్తకాలు వెతకడం ఇంకొంచెం చిక్కు పని. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారి చొరవతో పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే పథకం నడిచింది. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా సాగింది. అలా వెలుగు చూసిన వేల తెలుగు పుస్తకాలు ఈ రోజు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. అయితే వాటి పేర్లను ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు. దీర్ఘం వచ్చిన చోట రెండేసి ఏ-లు, ఆంధ్ర అన్న మాట మధ్యలో ఒక అపాస్ట్రఫీ గుర్తు, ఇలా ఉంటుంది ఆ రాత. తెలుగు లిపిలో కొడితే పుస్తకం లేదనిపిస్తుంది. నిజానికి ఉంటుంది.

వీరేశలింగం పంతులు గారి పేరే తీసుకోండి. ఒక క్యాటలాగులో మొదటి అక్షరం తర్వాత రెండు ఈ-లు, మరో దాంట్లో ఒక్క ఐ, అమెరికా గ్రంథాలయాల్లో ఆ ఐ మీద ఒక గీత, చివర మకారం కింద ఒక చుక్క. ఇంటిపేరు ముందా వెనకా అన్నది మరో తేడా. కాబట్టి ఒకే పేరును నాలుగు రూపాల్లో రాసి, మధ్యమధ్యలో 'ఆర్' (OR) అనే మాట పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. 'ఇది గానీ అది గానీ' అని యంత్రానికి చెప్పినట్టు. రెండు మూడు మాటలు కలిసే రావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ఈ రెండు కిటుకులు తెలిస్తే సగం పని అయినట్టే.

ఇప్పుడు బోధన గురించి. ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను, ఎందుకంటే డిజిటల్ వనరులు పరిశోధకులకే అన్న భావన మనలో గట్టిగా పాతుకుపోయింది.

మన జంతుశాస్త్ర శాఖలో గత ఏడాది ఒక ప్రయత్నం జరిగింది. రెండో సంవత్సరం తరగతిలో చాలామంది రొయ్యల చెరువులున్న ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు. తెల్లమచ్చ వ్యాధి పాఠం వచ్చింది. లెక్చరర్ గారు నోట్సు చెప్పకుండా పిల్లలను లైబ్రరీకి తీసుకొచ్చి, ఈ వ్యాధి మీద ఒక్క పరిశోధన వ్యాసం వెతికి తెమ్మన్నారు. పిల్లలు 'తెల్లమచ్చ' అని ఇంగ్లిష్‌లో కొట్టారు. చర్మ వ్యాధులు వచ్చాయి, ఆకు తెగుళ్లు వచ్చాయి, చేపల జబ్బులు వచ్చాయి. 'రొయ్య' అని చేర్చారు. కొంత దారిలో పడింది. అప్పుడు ఒక అబ్బాయి లేచి, "మా చెరువులో వేసేది వెనామీ కదా సార్" అన్నాడు. ఆ రొయ్య శాస్త్రీయ నామం చూస్తే రెండు కనిపించాయి. కొన్ని వ్యాసాల్లో 'పీనియస్ వన్నామీ', మరికొన్నింటిలో 'లిటోపీనియస్ వన్నామీ'. ఒకే జీవికి రెండు పేర్లు ఎందుకొచ్చాయన్న ప్రశ్న పిల్లల నుంచే వచ్చింది. జీవుల వర్గీకరణ పాఠం, పుస్తకంలో చదివినప్పుడు ఎవరికీ పట్టనిది, ఆ రోజు ప్రాణం పోసుకుంది.

చివరికి ఒక వ్యాసం ఎంచుకున్నారు. మొత్తం చదవమనలేదు. అందులో నీటి ఉప్పదనం, ఉష్ణోగ్రత అంకెలున్న ఒక్క పట్టిక చదవమన్నారు. మరుసటి వారం ఆ అబ్బాయి వాళ్ల నాన్న చెరువు లెక్కల పుస్తకం పట్టుకొచ్చాడు. అట్ట మీద మేత మరకలున్నాయి. వ్యాసంలోని పట్టిక ఒక పక్క, ఆ పుస్తకం ఒక పక్క పెట్టుకుని తరగతి మొత్తం రెండు పీరియడ్లు కదల్లేదు. 1990ల మధ్యలో ఈ వ్యాధి టైగర్ రొయ్యను దెబ్బతీసినప్పుడు తాతయ్య ఎంత నష్టపోయారో కూడా ఆ అబ్బాయి చెప్పాడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. నా ఉద్యోగ జీవితంలో మరచిపోలేని మధ్యాహ్నాల్లో అదొకటి.

అందుకే అధ్యాపకులకు నా విన్నపం. పీడీఎఫ్ దించి తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టడం తేలికే. కానీ అలా ఇచ్చినప్పుడు వెతికే అవకాశం పిల్లల నుంచి మనం లాగేసుకున్నట్టు అవుతుంది. సెమిస్టర్‌కు ఒక్క వ్యాసమైనా వాళ్ల చేత వెతికించండి. ఒక్క పట్టికో, ఒక్క పటమో చదివించండి.

ప్రచురణ గురించి త్వరగా చెబుతాను. "రెండు రోజుల్లో అచ్చు వేస్తాం, ఇంత కట్టండి" అని మెయిల్ వస్తే తీసేయండి. మంచి జర్నళ్లను గుర్తించే యూజీసీ-కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో రద్దయింది కాబట్టి ఏ జర్నల్ మంచిదో మనమే తేల్చుకోవాలి. సంపాదక వర్గంలో ఎవరున్నారు, పాత సంచికల్లో వ్యాసాల నాణ్యత ఎలా ఉంది అని ముందు చూడండి. సందేహముంటే నా దగ్గరికి రండి. గ్రంథచౌర్యం విషయంలో 2018 యూజీసీ నిబంధనలు పది శాతం వరకు పోలికను మన్నిస్తాయి. ఆ అంకె కోసం వాక్యాల్లో మాటలు మార్చే విద్యార్థులను చూస్తున్నాను. ఎవరి మాటో వాళ్ల పేరు చెబితే ఆ అవస్థే ఉండదు.

మరొకటి. కృత్రిమ మేధను అడిగి ఆధార గ్రంథాల జాబితా తెచ్చుకునేవారు పెరిగారు. గత నెల ఒక విద్యార్థి అలాంటి జాబితా తెచ్చి, ఇందులో మూడు వ్యాసాలు దొరకడం లేదని అడిగాడు. జర్నల్ పేరు నిజం, రచయిత పేరు నిజం, వ్యాసం మాత్రం ఎవరూ రాయలేదు. ప్రతి వ్యాసానికి డీఓఐ అనే గుర్తింపు సంఖ్య ఉందేమో చూసి, దాన్ని కొట్టి, వ్యాసం తెరుచుకుంటేనే మీ జాబితాలో చేర్చండి.

వచ్చే సోమవారం నుంచి రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు రెండో నంబరు కంప్యూటర్ దగ్గర నేను ఉంటాను. మీ అంశం ఒక కాగితం మీద రాసుకుని రండి, ఇద్దరం కలిసి వెతుకుదాం. ఆ కంప్యూటర్ పక్కన గోడకు ఒక కాగితం అతికించి ఉంటుంది. చరిత్ర శాఖ మేడమ్ రాసుకున్న పాత ఊళ్ల పేర్ల పేజీ అది, ఆవిడ అనుమతితో జిరాక్స్ తీశాను. కింద సగం ఖాళీగా ఉంది. పెన్ను దారంతో కట్టి పెట్టాను. మీకు దొరికిన పేరు రాయండి.