108 ముక్కల టూల్ పెట్టె, విప్పలేకపోయిన ఒక్క టైరు నట్టు: రెండు నెలలు వాడాక రివ్యూ

అందరికీ నమస్కారం. ముందే ఉన్నమాట చెప్పేస్తాను. ఈ టేబుల్ మీద కనిపిస్తున్న పెట్టె నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్లే ఊరికే పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. బ్రాండు పేరు మూత మీద మీకు కనిపిస్తూనే ఉంది. 108 ముక్కలు, క్రోమ్ వెనేడియం స్టీలు, రెండు రాచెట్లు (పిడి ముందుకీ వెనక్కీ ఆడిస్తుంటే బోల్టుని ఒకవైపే తిప్పే పానాలు)... ఇదంతా మీరు కొనే పేజీలో చదివే ఉంటారు. నేను మళ్లీ చదివి వినిపించను.

రెండు నెలలు వాడాను. నా స్విఫ్ట్‌కి ఆయిల్ మార్చాను, ప్లగ్గులు మార్చాను, బ్యాటరీ మార్చాను. మా ఆవిడ ఐ10కి ఎయిర్ ఫిల్టరు, వైపరు బ్లేడ్లు. వైపరు బ్లేడ్లకి అసలు టూలే అక్కర్లేదు, లెక్క పెద్దగా కనిపిస్తుందని చెప్పాను.

ముందు నాకు పిచ్చిగా నచ్చింది చూపిస్తాను. ఈ చిన్న రాచెట్, పావు అంగుళం డ్రైవుది, అంటే బోల్టు మీద తొడిగే సాకెట్‌ని పట్టుకునే చతురస్రపు మొన పావు అంగుళం. ఒక్క నిమిషం, మైకు దగ్గర పెడతాను, వినండి. ఆ చప్పుడు వినిపించిందా? సన్నగా, గడియారానికి కీ ఇచ్చినట్టు. లోపల 72 పళ్లు ఉన్నాయి. 360ని 72తో భాగిస్తే 5. అంటే పిడి 5 డిగ్రీలు కదిలితే చాలు, తర్వాతి పన్ను అందుకుంటుంది. నా పాత రాచెట్‌కి 24 పళ్లే. దాన్ని ప్రతిసారీ 15 డిగ్రీలు తిప్పితేగానీ టక్కుమనేది కాదు. 5కీ 15కీ ఏం తేడాలే అనుకుంటారు. బ్యాటరీ ట్రే కింద, వెనకవైపు బోల్టు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. అక్కడ పిడి తిరగడానికి ఉన్న జాగా వేలెడు. పాతదాంతో ఆ బోల్టు విప్పడానికి అరగంట పట్టింది, మోచేతి మీద చర్మం పోయింది. దీంతో టీవీ చూస్తూ బఠానీలు ఒలిచినంత హాయిగా అయిపోయింది. సాయంత్రం ఖాళీగా కూర్చున్నప్పుడు కూడా దీన్ని చేతిలో పట్టుకుని తిప్పుతూ ఉంటున్నాను. మా ఆవిడ రెండుసార్లు లాక్కుంది.

అన్నట్టు, బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు తీయండి, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. ప్లస్ ముందు విప్పారనుకోండి, చేతిలో పానా జారి బాడీకి తగిలిందో, నిప్పురవ్వలు లేస్తాయి.

ఇంకో మంచి విషయం, ఇందులో గోటీలన్నీ ఆరు మూలలవి. మా మెకానిక్ బాబాయ్ సాకెట్‌ని గోటీ అంటాడు, నాకూ అదే అలవాటైంది. ఈ ఆరు మూలల సంగతి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. నా మొదటి సెట్టు ఒక ఆదివారం సంతలో ఆరొందలకి కొన్నాను, అన్నీ పన్నెండు మూలల గోటీలు. బోల్టు మీద తేలిగ్గా కూర్చుంటాయి, అది నిజమే. కానీ బలం పడేది బోల్టు మూలల మీదే. అప్పట్లో ఉన్న ఆల్టోకి డ్రైన్ బోల్టు, అదే పాత ఆయిల్ దించేటప్పుడు విప్పేది, బిగుసుకుపోయి ఉంది. గట్టిగా లాగాను, గోటీ గిర్రున తిరిగింది. బోల్టు మూలలన్నీ అరిగి గుండ్రంగా, గోలీలా తయారైంది. బండి కింద పడుకుని ఆ గోలీ వైపు చూస్తూ ఎంతసేపు ఉన్నానో నాకే తెలియదు. చివరికి మెకానిక్ బాబాయ్ వచ్చి, ఉలి ఆనించి సుత్తితో కొట్టి కొట్టి తిప్పాడు. "బాబూ, పానా కొన్నావా, పటికబెల్లం కొన్నావా" అన్నాడు. ఆరు మూలల గోటీ బోల్టుని పక్కల మీద పట్టుకుంటుంది కాబట్టి మూలలు అంత తొందరగా పోవు. మీరు ఏ కంపెనీది కొన్నా సరే, గోటీని తిరగేసి లోపల మూలలు లెక్కపెట్టండి. ఆరు ఉంటేనే తీసుకోండి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండిన విషయానికి వస్తాను.

108 అని మూత మీద ఇంతింత అక్షరాలతో వేశారు కదా. ఒక రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. అందులో 47 స్క్రూడ్రైవర్ బిట్లే. నక్షత్రం గుర్తువి, చతురస్రంవి, నేను ఎప్పుడూ చూడని ఆకారాలవి. రెండు నెలల్లో నేను వాడిన బిట్టు ఒకే ఒక్కటి, ప్లస్ గుర్తుది, 2 నంబరు. గోటీల్లో 8, 10, 12, 14, 17, 19, స్పార్క్ ప్లగ్గుకి 16, అన్నీ మిల్లీమీటర్లలో. రెండు ఎక్స్‌టెన్షన్ రాడ్లు. అంతే. మిగతా వంద వస్తువుల దాకా కవర్లో ఎలా వచ్చాయో అలాగే ఉన్నాయి.

పోనీ, ఉన్నవైనా సరిగ్గా అమర్చారా అంటే అదీ లేదు. పావు అంగుళం డ్రైవుకి గోటీలు 14 దాకా ఉన్నాయి. అర అంగుళం డ్రైవువి 14 దగ్గరే మొదలవుతాయి. కారులో ఎక్కువ పని 10, 12, 14 నంబర్లతోనే కదా? గట్టిగా బిగిసిన 12 బోల్టు ఎదురైతే దానికి ఈ చిన్న రాచెట్టే దిక్కు, దాని మీద అంత బలం పెట్టడానికి భయం. మధ్యలో ఉండాల్సింది అంగుళంలో ఎనిమిదింట మూడొంతులు, అంటే త్రీ బై ఎయిట్ డ్రైవు. కారు పనికి సరిగ్గా చేతికి కుదిరే సైజు అదే. 47 బిట్లు పెట్టినవాళ్లకి ఒక త్రీ బై ఎయిట్ రాచెట్ పెట్టడానికి చెయ్యి రాలేదు.

సరే, దీన్నీ క్షమించేవాణ్ణే. పోయిన నెల నాన్నకి జరిగింది వినండి.

నాన్న ఒక్కడే వ్యాగనార్‌లో విజయవాడ వెళ్తున్నాడు. సూర్యాపేట దాటాక టైరు పంచరు. డిక్కీలో స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, కారుతో వచ్చిన ఎల్ పానా ఉంది. నట్లు రావడం లేదు. కారణం తెలుసా? అంతకుముందు టైర్ల షాపులో నట్లు బిగించే గాలి గన్ను పెట్టి టర్రుమని బిగించారు. ఆ కారు మాన్యువల్‌లో వీల్ నట్టుకి 85 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత) అని ఉంది. గన్ను పట్టుకున్నవాళ్లు మాన్యువల్ చూస్తారా? అది రెండొందలు దాటి పోయి ఉండొచ్చు. కారుతో వచ్చే పానా పొడుగు 25 సెంటీమీటర్లు. రెండొందల నట్టు దాంతో కదలాలంటే దాని చివర సుమారు 80 కిలోల బరువు పడాలి. మా నాన్న 62 కిలోలు. పానా ఎక్కి నిలబడ్డాడు కూడా, అరవై ఏడేళ్ల వయసులో, రోడ్డు పక్కన. ఫోన్లో నాకు చెప్తూనే ఎక్కాడు. ఆ పది నిమిషాలు నాకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు. చివరికి ఒక లారీ డ్రైవరు ఆగి, పానాకి పైపు తొడిగి, ఒక్కొక్కటీ విప్పి ఇచ్చాడు.

నాన్న ఇంటికొచ్చాక, మళ్లీ ఏదో షాపులో గన్నుతో బిగించుకుని వచ్చిన ఆ కారు మీదే ఈ పెట్టెని పరీక్షించాను. ఇదిగో దీని పెద్ద రాచెట్, ఇదీ 25 సెంటీమీటర్లే. రాలేదు. ఇంకా బలం పెడితే లోపలి పళ్లే విరుగుతాయి. పళ్లు ఎంత సన్నగా ఉంటే పని అంత హాయి, కానీ అవి మొండి బలానికి పనికిరావు. రాచెట్ అనేది వదులైన బోల్టుని తిప్పడానికే. మొదట కదిలించడానికి కావాల్సింది బ్రేకర్ బార్, పళ్లూ గిళ్లూ లేని పొడుగాటి ఇనుప రాడ్డు. 60 సెంటీమీటర్లది విడిగా తెచ్చాను, రాణిగంజ్‌లో. అదే నట్టు ఇప్పుడు 34 కిలోల బరువుతో కదిలింది. చేత్తోనే. 108 ముక్కల్లో ఆ ఒక్క రాడ్డు లేదు.

కాబట్టి మీ డబ్బుతో కొనేటట్టయితే ఈ పెట్టె నేను కొనమనను. చిన్న పావు అంగుళం సెట్టు, 46 ముక్కలది దొరుకుతుంది, అది తీసుకోండి. త్రీ బై ఎయిట్ రాచెట్ ఒకటి, దానికి 10, 12, 14, 17 గోటీలు విడిగా. 8 నుంచి 19 దాకా రింగు పానాలు. కటింగ్ ప్లేయర్, మంచి ప్లస్ స్క్రూడ్రైవర్. అర అంగుళం బ్రేకర్ బార్, దానికి మీ వీల్ నట్టు సైజు గోటీ. మారుతికైతే 19, హ్యుందాయ్‌కి 21. కొనేముందు మీ బండి నట్టు మీద ఒకసారి పెట్టి చూసుకోండి. డిక్కీలో పెట్టుకోవడానికి సాగే వీల్ పానాలు కూడా వస్తున్నాయి, పిడి లాగితే పొడుగవుతుంది. నాన్న కారులో ఇప్పుడు అదే ఉంది. నట్లు మాత్రం టైరు నేల మీద ఉండగానే కొంచెం వదులు చెయ్యాలి, జాకీ ఎక్కించాక కాదు.

టార్క్ రెంచి, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా, అది కూడా కొనండి, కానీ తర్వాత. నేను మూడు వేలు పెట్టి కొన్నాను. 85 దగ్గర పెట్టి బిగిస్తే టక్కుమంటుంది, అక్కడితో ఆపేయాలి. పని అయ్యాక తక్కువ అంకెకి తిప్పి దాచాలి, దాంతో ఎప్పుడూ విప్పకూడదు.

కారు కింద దూరే పని ఉంటే ఒక జత జాక్ స్టాండ్లు (ఎత్తిన బండిని మోసే ఇనుప స్టాండ్లు) లేకుండా దూరకండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద పడుకోకండి. దీని మీద నేను జోకులు వెయ్యను.

ఇక ఈ పెట్టె. మూత గడియ రెండో వారానికే వదులైంది, నిలబెట్టి తెరిస్తే గోటీలన్నీ జలజలా కాళ్ల మీద పడతాయి. దీన్ని మా బావకి ఇచ్చేస్తున్నాను, కొత్తగా బ్రెజా కొన్నాడు, ముచ్చటపడుతున్నాడు. బావా, నువ్వు ఈ వీడియో చూస్తూ ఉంటే, పెట్టెలో ఎడమవైపు చిన్న రాచెట్ ఆకారంలో ఒక గుంట ఖాళీగా ఉంటుంది. అది ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చింది.