జోర్డాన్ మ్యాచ్‌లో ఆ అయిదు నిమిషాలు

(కావలిలో వేసవి బాస్కెట్‌బాల్ శిబిరం ఆఖరి రోజు సాయంత్రం ఒక రిటైర్డ్ పీడీ చేసిన ప్రసంగం)

కూర్చోండి, కూర్చోండి. ఎండ ఇంకా దిగలేదు. గోడ నీడన ఉన్నవాళ్ళు కాస్త జరిగి చిన్నపిల్లలకు చోటివ్వండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఇరవై రోజులు ఈ సిమెంటు కోర్టు మీద పరుగెత్తిన మీకు ఆ సంగతి ఒకరు చెప్పాలా!

భారత జట్టు గురించి మాట్లాడమన్నారు. మన ఊళ్ళో క్రికెట్ జట్టు గురించి ఎవరినడిగినా గంట చెబుతారు. బాస్కెట్‌బాల్ జట్టులో ఒక్కరి పేరు చెప్పమనండి, టీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోతారు. వాళ్ళ తప్పేమీ లేదు. మన జట్టు ఒలింపిక్స్ ఆడింది ఒక్కసారే, 1980లో మాస్కోలో. అదీ చాలా దేశాలు బహిష్కరిస్తే దొరికిన చోటు. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం, ఒక్క గెలుపూ లేదు. ఆసియాలో మన బెస్టు 1975 నాటి నాలుగో స్థానం. ఇక్కడున్న నాన్నల్లో చాలామంది అప్పటికి పుట్టనే లేదు.

ఇక 2025 ఆగస్టుకు వద్దాం. జెడ్డాలో ఆసియా కప్. మొదటి మ్యాచ్ జోర్డాన్‌తో. వాళ్ళు 2023 ప్రపంచకప్ ఆడి వచ్చిన జట్టు. మనవాళ్ళు నలభై నిమిషాలూ వదల్లేదు. ఆఖరి క్షణంలో త్రీ పాయింటర్ వేసి స్కోరు సమం చేశారు. స్కోరు సమమైతే అదనంగా ఆడించే ఓవర్‌టైమ్ అంటే అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో ఏడు పాయింట్లు వెనకబడ్డాం. 91-84. ఆ తర్వాత చైనా చేతిలో, సౌదీ చేతిలో చిత్తుగా ఓడి ఇంటికొచ్చేశాం.

నేను ఎప్పుడూ తిరిగి వెళ్ళేది ఆ అయిదు నిమిషాల దగ్గరికే. నలభై నిమిషాలు సమానంగా ఆడిన జట్టుకు ఆ చివర్లో ఏమైంది? 'మనవాళ్ళు పొట్టి సార్' అంటారు అందరూ. ఈ మాట నేను ఉద్యోగంలో చేరిన రోజు విన్నాను, రిటైరైన రోజూ విన్నాను. ఎత్తే సమస్యయితే పంజాబ్‌లో బల్లో కే అనే పల్లెటూరి అబ్బాయి సత్నామ్ సింగ్ ఏడడుగుల రెండంగుళాలు. 2015లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని డల్లాస్ మావెరిక్స్ జట్టు అతన్ని డ్రాఫ్ట్‌లో, అంటే ఏటా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే చోట, తీసుకుంది, అలా ఎంపికైన మొదటి భారతీయుడు అతనే. ఎన్‌బీఏలో మాత్రం ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు.

ఇటు జపాన్‌ను చూడండి. కవామురా యూకీ అని బంతిని నడిపించే ఒక గార్డున్నాడు. ఎత్తు 172 సెంటీమీటర్లు. అదిగో, ఆ మూల నవ్వుతున్నావే, నువ్వూ అంతే ఉంటావు నాయనా! అతను ఉన్న జట్టు పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌ను, అదీ వాళ్ళ దేశంలోనే, ఓవర్‌టైమ్ దాకా లాక్కెళ్ళింది. 94-90తో ఓడింది, అది వేరే సంగతి. అదే జపాన్‌ను 2014లో ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా సస్పెండ్ చేసింది. దేశంలో రెండు లీగులు, రెండు గొడవలు. వాటిని కలిపి 2016లో బి.లీగ్ అనే ఒకే ప్రొఫెషనల్ లీగ్ మొదలుపెట్టారు. ఏడేళ్ళలో, 2023 ప్రపంచకప్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి నేరుగా ఒలింపిక్స్‌కు వెళ్ళారు. జపాన్‌వాళ్ళు ఏడేళ్ళలో పొడుగు పెరిగారా? మ్యాచ్‌లు పెరిగాయి. వారం వారం జనం ముందు, రెండు పాయింట్లు వెనకబడి, ముప్పై సెకన్లు మిగిలి ఉన్న మ్యాచ్‌లు.

మనవాళ్ళకు అలాంటి సీజన్ ఏదీ? ఎక్కువమంది రైల్వేలోనో సర్వీసెస్‌లోనో పోలీసులోనో ఉద్యోగం చూసుకుని, ఏడాదికి నాలుగు టోర్నమెంట్లు ఆడి, క్యాంపుకు పిలిస్తే వెళ్ళి, జోర్డాన్ ముందు నిలబడతారు. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాదు.

అమ్మాయిల జట్టు సంగతి దాదాపు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. 2017లో బెంగళూరులో ఆసియా కప్ డివిజన్ 'బి' ఫైనల్. కజకిస్థాన్ మీద 75-73. రెండే పాయింట్లు! గెలిచి పై డివిజన్‌కు వెళ్ళారు. అక్కడ నిలవలేకపోయారు, 2021 తర్వాత మళ్ళీ కిందికే వచ్చారు. అయినా ఆ ఫైనల్‌లో ఆఖరి నిమిషం తట్టుకున్నారు చూడండి, నా ఆశంతా అక్కడుంది. మగపిల్లలకు కూడా 2014లో వూహాన్‌లో చైనాను 65-58తో కొట్టిన రోజుంది. చైనా పూర్తి బలంతో దిగలేదని గొణిగేవాళ్ళున్నారు. గొణగనివ్వండి. బోర్డు మీద స్కోరు మనదే.

మొన్న పొద్దున ఇక్కడ ఏం జరిగిందో చెబుతాను. ఈ చివరి నుంచి ఆ చివరికి ఎనిమిదిసార్లు పరుగెత్తించి, ఆయాసం తీరకముందే ఒక్కొక్కరిని లైను దగ్గర నిలబెట్టి రెండేసి ఫ్రీ త్రోలు వేయమన్నాను. పదిహేను అడుగుల దూరం, అడ్డం వచ్చేవాడు లేడు. ఊరికే నిలబడి వేస్తే పదికి ఎనిమిది వేసే పిల్లల్లో చాలామంది ఒకటీ వేయలేకపోయారు. ఒక అమ్మాయి లైను దగ్గరికొచ్చి కాలు వెనక్కి మడిచి, బూటు అడుగున దుమ్మును అరచేత్తో తుడుచుకుంది. రెండో కాలూ తుడుచుకుంది. బంతి గ్రిప్పు అరిగి నున్నగా అయిపోయింది కదా, దాన్ని చేతుల్లో రెండుసార్లు తిప్పి గీతలు వేళ్ళకు తగిలేలా పట్టుకుంది. మొదటిది రిమ్ముకు తగిలి బయటికొచ్చింది. ఎవడో నవ్వాడు. ఆ పిల్ల అటు చూడలేదు. మళ్ళీ బూటు తుడుచుకుని రెండోది వేసింది. మన రింగుకు నెట్ లేదుగా, పడిందో లేదో శబ్దం కూడా రాదు. పడింది.

పేరెంట్స్‌కు ఒక మాట. టెన్త్ వచ్చిందని జూన్‌లో పిల్లల్ని ఆట మాన్పించకండి. పొద్దున గంట చాలు. ఇంకో మాట, మున్సిపాలిటీకి అర్జీ రాశాం లైట్ల కోసం. సంతకాలు తక్కువగా ఉన్నాయి, కాగితం ఆ బెంచీ మీదుంది.

రేపటి నుంచి క్యాంపు లేదు. గేటు తాళం మాత్రం అయిదున్నరకు వాచ్‌మన్ తీస్తాడు, చెప్పి ఉంచాను. బంతులు నాలుగే ఉన్నాయి. ముందొచ్చినవాళ్ళు ముందు పరుగెత్తండి, ఆ తర్వాతే లైను దగ్గరికి రండి.